దమ్ము చక్రాలు

తెల్లవారింది గానీ మబ్బు వీడలేదు. దుర్గాశ్రీ గట్టెక్కి చెరువు చూసింది. రొయ్యలన్నీ మీసాలు పైకి పెట్టి, గట్టు వారన నీళ్లమీద తేలుతున్నాయి. నీళ్లలో గాలి అయిపోయింది.

కరెంటు లేదు. నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు బిగుసుకుపోయి ఉన్నాయి. భర్త రాంబాబు జనరేటర్ హ్యాండిల్ తిప్పుతూనే ఉన్నాడు. అది దగ్గుతోంది, ఆగిపోతోంది. మెకానిక్ మామిడికుదురు నుంచి రావాలి. వాడొచ్చేలోగా పంట మొత్తం చస్తుంది. ఈ పంట కూడా పోతే చెరువు వదిలేసి మళ్లీ మస్కట్ పోతానని రాంబాబు మొన్ననే తేల్చి చెప్పాడు.

ఆమె జనరేటర్ వైపు చూడటం మానేసింది.

పక్క చేలో రాంబాబుకి తమ్ముడి వరసైన బుజ్జిబాబు ట్రాక్టర్‌తో నాట్లకి దమ్ము చేస్తున్నాడు. ఇనప చక్రాలు బురదనీళ్లను ఎత్తి కొడుతున్నాయి. రోజూ చూసే చక్రాలే. ఇవాళ వాటి వెనక లేచే నురగ ఒక్కటే ఆమె కంటపడింది. ఆ వెంటనే, వల లాగడానికి తమ చెరువులోకి రాళ్లు పరిచిన వాలు కనిపించింది. దానికి ఎదురుగా గట్టుమీద కొబ్బరిచెట్టు. కాళ్లు అప్పటికే పరుగెడుతున్నాయి.

బండిని చెరువులోకి దింపమనేసరికి బుజ్జిబాబు నోరెళ్లబెట్టాడు.

"వదినా, బండి మునిగితే మా నాన్న నన్నూ అందులోనే ముంచేత్తాడు."

"ముందు గొలుసేసి చెట్టుకి కడదాం. వెనక్కి దింపి, అక్కడే చక్రాలు తిప్పు. మీ నాన్నగారికి నేను చెప్తాను."

"ఆయ్, చెప్దువుగాని. అప్పటికి నేనుంటే కదా."

అన్నాడే గానీ బండి మళ్లించాడు.

అడుగు బురద లేస్తే ఉన్న రొయ్య కూడా పోతుందని రాంబాబు అక్కడినుంచే కేకేశాడు. అక్కడ అడుగున రాయేనని ఆమె బదులిచ్చింది. ట్రాక్టర్ వెనక్కి దిగింది. నాచు పట్టిన రాళ్లమీద సర్రున జారింది. గొలుసు ఒక్క కుదుపుతో బిగిసింది. సగం మునిగిన చక్రాలు గిర్రున తిరిగి నీళ్లను తెల్లగా చిమ్మాయి.

అప్పుడు చూసిందామె. గొలుసు కొక్కెం మెల్లగా విచ్చుకుంటోంది.

"బండి లోపలికి జారిపోతోంది వదినా," అన్నాడు బుజ్జిబాబు.

"ఆపకు. ఒక్క నిమిషం." ఆమె భర్తవైపు తిరిగింది. "ఏమండీ, అది వదిలేసి మోకు తెండి."

రాంబాబు చేతిలోని హ్యాండిల్‌ని, చెట్టునీ చూశాడు. హ్యాండిల్ కింద పడేసి, వల లాగే మోకు భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. ట్రాక్టర్ ముందు కమ్మీకి ముడేసి, చెట్టు చుట్టూ మూడు చుట్లు తిప్పి, కొస చేతులకి చుట్టుకుని వెనక్కి వాలాడు. ఆ క్షణమే కొక్కెం ఊడింది. బరువంతా మోకుమీద పడింది. చెట్టు ఊగింది గానీ బండి ఆగింది.

దుర్గాశ్రీ నీళ్లవైపు వంగింది. నురగ పాకినంత మేరా రొయ్యలు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. అవతలి మూల మాత్రం చచ్చినవి ఎర్రగా తేలాయి.

మెకానిక్ వచ్చి జనరేటర్ స్టార్ట్ చేశాక ఏరియేటర్లు తిరిగాయి. ట్రాక్టర్ గట్టెక్కింది. మోకు వదలొచ్చు అన్నయ్యా అని బుజ్జిబాబు ఎంత చెప్పినా రాంబాబు వదల్లేదు. దుర్గాశ్రీ చెరువంతా ఓసారి కలయజూసి, తలూపింది.

అప్పుడు వదిలాడు.