ఒకే పొద కర్రలు

కోట గుమ్మం ఎదురుగా ఉన్న తన కొట్టు తెరవగానే వెల్తా చేసే మొదటి పని కర్రలను తాడుతో కట్టేయడం. కట్టకపోతే అవి కుదురుగా ఉండవు. ఆ చేతికర్రలన్నీ వాళ్ళ నాన్న పెంచిన ఒకే హేజెల్ పొదవి. ఒకే పొద కర్రలకు ఒకదాని మీద ఒకదానికి బెంగ ఎక్కువని సిగుల్డా ఊళ్ళో అందరికీ తెలుసు. అందుకే మొగుడూపెళ్ళాలు ఇక్కడ రెండేసి కొనుక్కుపోతారు.

సెప్టెంబరులో ఆ బుధవారం మాత్రం కట్టినా ఆగడం లేదు. టకటకమంటూ ఒకటే గోల. వెల్తా రెండో తాడు కూడా బిగించింది. కాఫీ ఒలకబోసుకుంది. కర్ర మీద ఎరుపు చార వేయాల్సిన చోట పసుపు వేసింది. తనకేం కంగారు లేదని తనకి తానే నాలుగుసార్లు చెప్పుకుంది.

వాళ్ళన్నయ్య ఇల్గోనిస్ నిన్న పొద్దున పుట్టగొడుగులకని వెళ్ళి ఇంతవరకూ ఇంటికి రాలేదు.

పుట్టగొడుగులు దొరికే చోటు ఇక్కడ ఎవరూ ఎవరికీ చెప్పరు. కట్టుకున్నదానికి కూడా చెప్పని వాళ్ళున్నారు. పన్నెండేళ్ళ కిందట నాన్న పోయే ముందు ఇల్గోనిస్‌ని ఒక్కణ్ణే గదిలోకి పిలిచి, తలుపు వేయించి, తన చోటు చెప్పాడు. అప్పుడు వెల్తా వంటింట్లో నాన్నకి సూప్ వేడిచేస్తోంది. ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళకి మాటల్లేవు. అతను బుట్ట మీద గుడ్డ కప్పుకుని కొట్టు ముందు నుంచే పోతాడు, ఈమె రంగు డబ్బాలు తుడుచుకుంటుంది.

పది గంటలకి పక్కింటి తాలిస్ బురద కాళ్ళతో వచ్చాడు.

"వెల్తక్కా, నది అవతలంతా గాలించాం. కుక్కల్ని కూడా తీసుకెళ్ళాం. ఆయన వంతెన దాటుతుంటే నలుగురు చూశారట మరి."

"ఆయనగారు నలుగురి ముందూ వంతెన దాటారంటే అవతల లేరన్నమాట."

తాలిస్ తల గోక్కున్నాడు. "నిజమే. నేనూ అలాగే ఒక వైపు వెళ్ళినట్టు వెళ్ళి చుట్టు తిరిగొస్తాను. మరి ఎటు వెతకమంటావు?"

"నాన్న చెప్పింది ఆయనకి. ఆయన్నే అడుగు."

అనేసింది గానీ, తాలిస్ అటు వెళ్ళగానే గుమ్మంలోకి వచ్చి ఆకాశం వైపు చూసింది. నిన్న సాయంత్రం నుంచీ వాన. అన్నయ్యకి అరవై ఆరేళ్ళు.

ఇంతలో గంట కిందట కర్ర కొనుక్కున్న ఆవిడ రొప్పుతూ వెనక్కి వచ్చింది. పేరు జెంతా, ఎక్కడో దూరాన వెంట్స్‌పిల్స్‌లో బడిపంతులమ్మగా చేసి రిటైరైంది. ఒక్క రోజులో రెండు కోటలు, గుహ, అవతలి బురుజు చూసేయాలని కాగితం మీద రాసుకుని మరీ వచ్చింది.

"మంచి కర్ర అంటగట్టావమ్మా! గుహకి పోదామంటే ఎడమకి లాగుతుంది. ఐదుసార్లు తిప్పాను. నలభై ఏళ్ళు పిల్లల్ని దారిలో పెట్టినదాన్ని, దీన్ని పెట్టలేకపోయాను."

"ఎడమకా? లోయలోకా?"

"లోయో ఏమో, ముళ్ళకంపల్లోకి."

వెల్తా కట్టేసిన కర్రల వైపు తిరిగి చూసింది. ఇల్గోనిస్ చేతిలో ఉండేది నాన్న కర్ర, అదే పొదది. ఒకటి కదలకుండా పడి ఉంటే మిగతావి దాని దగ్గరికే పోతాయి. ఆ సంగతి పొద్దున్నే తెలిసి కూడా తాను రెండో తాడు కట్టింది. ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"పదండి" అంది.

"నాకు మూడున్నరకి రైలుంది!"

"కొన్నది మీరు. అది మీ చేతిలోనే నడుస్తుంది. దండం పెడతాను, రండి."

లోయ అంచున వెల్తా తలగుడ్డ విప్పి కళ్ళకి కట్టుకుని, జెంతా కోటు పట్టుకుంది.

"ఇదేం ఆట?"

"ఆ చోటు నాన్న నాకు చెప్పలేదు. చెప్పని చోటు నేను చూడను."

"ఇప్పుడా పంతం?"

"పంతం కాదు, మర్యాద."

"నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి" అని గొణుక్కుంటూ జెంతా కర్ర వెంట దిగింది. దురదగొండి ఆకులు, జారే రాళ్ళు, మోకాలి లోతు వాగు. వాగు దాటాక కర్ర ఆగిపోయింది.

"ఎవరది? అక్కడే ఆగండి! ముందుకి రావద్దు!"

గొంతు బొంగురుపోయింది గానీ, అన్నయ్యదే. వెల్తాకి ఏడుపొచ్చింది.

"నేనే. కళ్ళకి గంతలున్నాయిలే."

"పక్కనెవరు?"

"వెంట్స్‌పిల్స్ టీచరు గారు. మూడున్నరకి వెళ్ళిపోతారు."

"అయితే పర్లేదు."

తర్వాత అతను నెమ్మదిగా, "గంతలు విప్పు" అన్నాడు.

ఇల్గోనిస్ నేలకూలిన స్ప్రూస్ చెట్టు మానుకి ఆనుకుని ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద వంకరపోయింది. అతనికి కుడి పక్క పుట్టగొడుగులన్నీ కత్తితో నున్నగా కోసి ఉన్నాయి. ఎడమ పక్క ఒక్కటీ కోయలేదు. ఈ ఏటివి బొద్దుగా నిలబడి ఉంటే, వాటి కింద ఏటేటివో కుళ్ళి నల్లబడ్డాయి.

"ఎడమ పక్కది నీది" అన్నాడు. "నాన్న దుప్పటి మీద వేలితో గీసి చెప్పాడు. ఆ బండ నుంచి ఈ మోడు దాకా వెల్తాది అని. నేనొక్కటీ ముట్టలేదు."

"మరి చెప్పొచ్చుగా!"

"నువ్వు మాట్లాడితే చెబుదామనుకున్నా."

"పన్నెండేళ్ళా!" వెల్తా ఏడుస్తూనే తలగుడ్డతో అతని భుజం మీద నాలుగు బాదింది. అతను వారించలేదు. తర్వాత ఆమె తాలిస్‌కి ఫోన్ తీసింది.

"ఇక్కడికా?" ఇల్గోనిస్ అదిరిపడ్డాడు. "ఊరంతా వచ్చేస్తుంది!"

వెల్తా ఒక్క క్షణం ఆలోచించి ఫోన్ జేబులో పెట్టేసింది. నాన్న కర్రకీ జెంతా కర్రకీ ఆమె కోటు కట్టి, ఇద్దరాడవాళ్ళూ అతన్ని వాగు దాటించి మూడొందల అడుగులు బాట దాకా లాక్కెళ్ళి, అప్పుడు ఫోన్ చేశారు. అతను పెదవి కొరుక్కున్నాడు గానీ అరవలేదు. మూడున్నర రైలు వెళ్ళిపోయింది. ఇంకొక్క రాత్రి గడిస్తే మనిషి దక్కేవాడు కాదని ఆస్పత్రిలో తర్వాత చెప్పారు.

స్ట్రెచర్‌తో వచ్చిన తాలిస్ బాట చుట్టూ అనుమానంగా చూశాడు. "ఇక్కడ పుట్టగొడుగులుంటాయా?"

"ఉండవు" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

మర్నాడు వెల్తా కొట్టు తెరిచేసరికి కర్రలు గోడకానుకుని చప్పుడు లేకుండా ఉన్నాయి. ఆమె తాడు చేతిలోకి తీసుకుంది గానీ కర్రలకి కట్టలేదు. తర్వాత ఆ తాడుతో పాత బుట్ట పిడి బిగించింది, మీద గుడ్డ కప్పింది, కొట్టు మూసింది. నలుగురూ చూసేలా తీరిగ్గా వంతెన వైపు నడిచింది.