కట్టలో పై చొక్కాలు

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి కుండంతా కెలకాలా? ఒక్క మెతుకు చాలదూ?"

అత్తగారు ఈ మాట అన్నప్పుడు ఆమె మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆ కుండ తనేనని తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. వేరే ఇంట్లో ఉండే అత్తగారూ ఆడపడుచూ ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వచ్చి నాలుగింటికి వెళ్తారు. వారం మొత్తంలో ఆమె కాస్త కూర్చునేది ఆ రెండు గంటలే. పద్నాలుగేళ్ల ఆదివారాలు పోగేసి, కోడలు ఒళ్లు వంచని మనిషని తేల్చేశారు. ఉద్యోగం మాన్పిస్తే గానీ దారికి రాదన్నారు. మొగుడు వెంటనే కాగితం తీసి, ఆమె తరఫున రాజీనామా రాసి పెట్టాడు. కాగితాలు రాయడంలో దిట్ట, తిన్న కంచం తీయడమే చేతకాదు.

"సంతకం పెట్టి రేపు ఇచ్చెయ్. ఇంతమంది ఒకటే మాటంటున్నారంటే ఏదో ఉండబట్టే కదా."

ఆ చివరి మాటే ముల్లులా దిగింది. నిజమేనేమో అనుకుంది. చీకటితో లేచి నీళ్లు పట్టి, వంట చేసి, పిల్లకి జడ వేసి, గిన్నెలు తోమి, బస్సు కోసం పరుగెత్తే మనిషే అలా అనుకుంది. తోమిన గిన్నెలు ఎవరి కంటా పడవు. ఒక్క గరిటె జిడ్డుగా ఉంటే మాత్రం ఆడపడుచు దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని మరీ చూస్తుంది. ఎంత లేనిపోని మాటైనా పద్నాలుగేళ్లు వింటే ఒంటికి పట్టేస్తుంది. బద్ధకం తన రక్తంలోనే ఉంది కాబోలు అనుకుంటూ కాగితాన్ని సంచిలో పెట్టుకుంది.

చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో ఆమెది చెకింగ్ పని. యాభై చొక్కాలు ఒక కట్ట. అందులోంచి ఎనిమిది తీసి, కాలర్లూ కాజాలూ కుట్లూ చూసి కట్టకి చీటీ అంటించాలి. పచ్చ చీటీ అంటే బాగున్నట్టు, ఎర్రదంటే మళ్లీ కుట్టాలి, పసుపుదంటే ఇంకా తేలలేదు, ఆపమని. సోమవారం లారీ గుమ్మంలో నిలబడి ఉంది. సూపర్‌వైజరుకి కాలు నిలవడం లేదు. తనే ఒక కట్ట పైనుంచి ఎనిమిది తీసి బల్ల మీద పరిచాడు. అన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

"ఎనిమిదికి ఎనిమిదీ బాగున్నాయి కదమ్మా, పచ్చది అంటించెయ్."

ఆమె కట్ట విప్పింది. తొందరలో ఎవరైనా పైవే తీస్తారని కుట్టేవాళ్లందరికీ తెలుసు. అందుకే మంచివి పైన పేరుస్తారు. అడుగు నుంచీ నడుమ నుంచీ తీసి చూసింది. మూడోదానికి కాలరు ఒక చెవి పొడుగు. ఐదోదానికి గుండీ ఉంది, కాజా లేదు. సూపర్‌వైజరు నాలిక కరుచుకుని, ఎనిమిది చూశాం కదా అని గొణిగాడు.

"ఎన్ని చూశామని కాదండీ, ఎక్కణ్ణుంచి తీశామని," అంది ఆమె.

అన్నాక ఆమె చెయ్యి చొక్కా మీదే ఆగిపోయింది. ఎక్కణ్ణుంచి తీశారు? ఆదివారం రెండు నుంచి నాలుగు వరకు. ఇద్దరు చూసినా ఇరవైమంది చూసినా, పద్నాలుగేళ్లు చూసినా, చూసింది ఆ రెండు గంటలే. కుండంతా ఒకే మంట మీద ఉడుకుతుంది కాబట్టి మెతుకు చాలు. వారం అలా ఉడకదు కదా. ఆ రెండు గంటల్లోనే వాళ్లమ్మకి మంచినీళ్ల గ్లాసు అందించి, ఇంటిపనంతా చేసే కొడుకని పేరు తెచ్చుకున్న మొగుడూ అదే కట్టలో పై చొక్కా. మరి మొత్తం మీద తను ఎలాంటి మనిషి? అది ఆమెకీ తెలియదు, ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. కానీ తేల్చడానికి సరిపడా ఆధారం వాళ్ల దగ్గర లేదు. అంతే. ఆ అంతే అనుకోగానే భుజాల మీంచి ఏదో దిగిపోయింది. నవ్వొచ్చింది.

"ఏంటక్కా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావ్?" అంది పక్క బల్ల పిల్ల.

"పాత కట్టొకటి విప్పాన్లే."

సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే ఇచ్చావా అని అడిగాడు మొగుడు. ఆమె సంచిలోంచి కాగితం తీసి ఇచ్చింది. సంతకం చోట పసుపు చీటీ అంటించి ఉంది. ఇదేంటన్నాడు.

"ఇంకా తేలలేదని. అత్తయ్యనీ వదిననీ ఈసారి బుధవారం రమ్మనండి, పొద్దున్నే ఐదింటికి. మీరూ లేస్తే మీరూ చూడొచ్చు. సంతకం మాత్రం పెట్టను."

అతను చీటీని గోటితో గీకుతూ ఉండిపోయాడు. ఫ్యాక్టరీ జిగురు, అంత తేలిగ్గా రాదు. ఆమె లోపలికి వెళ్లింది. మంచం మీద ఆరిన బట్టలు కుప్పగా ఉన్నాయి. వాటిని ఒక పక్కకి జరిపి, సోమవారం సాయంత్రం, ఉత్తినే కూర్చుంది.