ఐదున్నర దగ్గర ఆగిన రంగు

బీన్స్‌కి ఈనెలు తీస్తుంటే మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "రేపు ఆదివారం మా ఆఫీసరు దంపతుల్ని రాత్రి భోజనానికి పిలిచానోయ్. ఏడింటికల్లా వచ్చేస్తారు" అన్నాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే.

"ఆదివారం నాకు ల్యాబులో పనుందని వారం నుంచీ మొత్తుకుంటున్నాను కదండీ!"

"నీ నత్తలు ఎక్కడికి పోతాయి? పరిగెత్తేవైతే కదా!" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. హాల్లోంచి మా అత్తగారూ నవ్వారు. ఈ ఇంట్లో నాకు 'నత్తల డాక్టరమ్మ' అని పేరు పెట్టింది ఆవిడే.

నాకు ఒళ్ళు మండింది. అవి నత్తలే, కాదనను. సముద్రంలో ఉండేవి, వీపు మీద పెంకు లేనివి, ఒక్కోటి నా అరచేతికి రెండింతలుండేవి. వాటి నాడీకణాలు కొన్ని గసగసాల గింజంత ఉంటాయి, వట్టి కంటికే కనిపిస్తాయి. నరాన్ని మొప్పతో సహా కోసి తీసి, గాజు పళ్ళెంలో సముద్రపు నీళ్ళలో ఉంచి, అలాంటి ఒక్క కణంలోకి సన్నటి గాజు సూదితో మెరిసే రంగు ఎక్కించడం నా పని. ఆ కణం నుంచి వెంట్రుక కన్నా సన్నటి తీగ ఒకటి మొప్ప వైపు సాగుతుంది. తీగ చివరికి కావలసినవన్నీ తయారయ్యేది కణంలోనే, అక్కణ్ణుంచి మోసుకుపోవాల్సిందే. ఆ మోతతో పాటే నా రంగూ కదులుతుంది, గంటకి నాలుగు మిల్లీమీటర్లు. అది ఎంత దూరం పోతే తీగ అంత దూరం ఉన్నట్టు. మోత ఆగితే చివర్లు ఎండిపోతాయి. మా ఇంట్లోనూ అంతే, కాకపోతే ఇక్కడ దాన్ని మోత అని ఎవరూ అనరు.

ఎనిమిదేళ్ళ కిందట ఆ కణం దారి పట్టుకున్నది నేనే. పొద్దున తొమ్మిదింటికి రంగెక్కించి, సాయంత్రం ఐదున్నరకి నరం కుళ్ళకుండా ఆ పళ్ళేన్ని ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికి పరిగెత్తేదాన్ని. మర్నాడు వచ్చి చూసుకునేదాన్ని. ప్రతిసారీ రంగు ముప్ఫై నాలుగో మిల్లీమీటరు దగ్గరే ఆగి ఉండేది. దారి అక్కడితో సరి అని మా పెద్దసారు రిపోర్టు అచ్చు వేయించారు. ల్యాబుకి అధిపతి కాబట్టి మాకందరికీ ఆయన పెద్దసారు. ఇంకెన్నో ల్యాబులు మా పద్ధతే పట్టుకున్నాయి, ఐదున్నరకి ఫ్రిజ్‌తో సహా. పోయిన నెల ఒక రాత్రి ఫ్రిజ్ ఆగిపోయింది. తెల్లారి చూస్తే రంగు ఆ గుర్తు దాటి లీలగా కనిపించింది. చలికి మోత ఆగిపోతుందని స్టూడెంట్లకి పాఠం చెప్పేదాన్ని నేనే. నా పళ్ళెం దగ్గరికొచ్చేసరికి ఆ సంగతి తట్టనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"కుళ్ళిన నరంలో రంగు కారిందమ్మా, అంతే" అన్నారు పెద్దసారు. "అంత నమ్మకముంటే ఆదివారం చేసి చూపించు. ఈ సీజనుకి మిగిలింది ఆ ఒక్క నత్తే. సోమవారం కొత్త రిపోర్టు వెళ్ళిపోతుంది, తర్వాత నన్నడగొద్దు. పాతది తప్పని తేలితే, ఆ తప్పెలా జరిగిందో కారణం రాసి నువ్వే సంతకం పెట్టాలి." రిపోర్టు మీద మొదటి పేరు ఆయనది, తప్పు మీద సంతకం నాది! సరే కానివ్వండి అనుకున్నాను.

ఆదివారం పొద్దున నేను స్టవ్ వెలిగించలేదు. మామూలుగా అయితే నాలుగింటికే లేచి అన్నీ వండి, మూతలు పెట్టి, ఏ గిన్నెలో ఏముందో రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళేదాన్ని. ఈసారి చెప్పులేసుకుని, "వచ్చేసరికి ఎనిమిది దాటుతుంది. బీన్స్ ఒలిచి పెట్టాను" అన్నాను.

"వాళ్ళ ముందు నా పరువు తీస్తావా?"

"పిలిచింది మీరేగా. వండేదీ మీరే అనుకున్నానండీ."

"చోద్యం! మగాడు గరిటె పట్టుకోవడం ఈ ఇంట్లో ఎరుగుదుమా?" అన్నారు అత్తగారు. నేను గేటు వేసేసి నడిచాను.

తొమ్మిదింటికి రంగెక్కించాను. అరగంటకోసారి పాత నీళ్ళు తీసి కొత్త సముద్రపు నీళ్ళు పోశాను, నరం కుళ్ళిందని రేపు ఎవరూ అనకుండా. మధ్యాహ్నం నాలుగు బిస్కెట్లు తిన్నాను. ఒంటరి గదిలో నీళ్ళ మోటారు చప్పుడు వింటూ, మైక్రోస్కోపులో చూస్తూ, చూసినది రాసుకుంటూ కూర్చున్నాను. అంత సుఖంగా కూర్చుని ఎన్నేళ్ళయిందో!

ఐదున్నరయింది. రంగు సరిగ్గా ముప్ఫై నాలుగో గీత మీద ఉంది. తీరా చూసుకుంటే నా చెయ్యి ఫ్రిజ్ తలుపు మీదుంది. ఎప్పుడు లేచానో, ఎప్పుడు వేశానో తెలియదు. అప్పుడే ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్? ఇంకో గంటన్నరలో వాళ్ళొచ్చేస్తారు. అమ్మకి నడుం నొప్పిట, నాకేమో ఉప్పు డబ్బా ఏదో కూడా తెలియదు!"

"స్టవ్ పక్కన, నీలం మూతది."

"అది కాదోయ్, ఆ దిక్కుమాలిందాన్ని ఫ్రిజ్‌లో పెట్టేసి రా. రోజూ చేసే పనేగా!"

"రోజూ అదే చేశానండీ, అందుకే ఎనిమిదేళ్ళుగా అది మొప్ప దాకా చేరలేదు" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, నేను విడమరిచి చెప్పలేదు. ఫోన్ పెట్టేసి, ఫ్రిజ్ మీంచి చెయ్యి తీసి, పళ్ళెంలో కొత్త నీళ్ళు పోశాను.

ఆరింటికి రంగు గీత దాటింది. ఏడు గంటలకి మొప్పని తాకింది. నలభై మిల్లీమీటర్లు! కళ్ళజోడు తీసి కాసేపు వెక్కివెక్కి ఏడ్చాను, సంతోషమో ఉక్రోషమో. తర్వాత ముక్కు తుడుచుకుని ఫొటోలు తీశాను, కొలతలు రాశాను. పుస్తకంలో ఆఖరి గడి మిగిలింది, పాత తప్పుకి కారణం. పెన్ను ఒక్క క్షణం ఆగింది. పరికరం లోపమనో, ఉష్ణోగ్రత తేడా అనో రాయొచ్చు, పెద్దసారు హాయిగా అచ్చు వేయించుకుంటారు. నేను జరిగింది జరిగినట్టు రాసి, కింద సంతకం పెట్టాను.

"ప్రయోగం చేసే మనిషి ప్రతిరోజూ ఐదున్నరకి ఇంటికెళ్ళి వంట చేయవలసి వచ్చింది."