సంజీవమ్మ మిద్దె మీది మన్ను

పాత ఇండ్ల కలప కొని బెంగళూరుకు లారీలకెత్తే బోరన్న, సంజీవమ్మ ఇంటి ధర నడిమి సాలలో నిలబడే తేల్చేశాడు. పన్నెండు మద్ది కంబాలు, నాలుగు దూలాలు, వాటిమీద అడ్డంగా పరిచిన దంతెలు వందకు పైగా. పెద్ద దూలం నడుమ నాలుగు వేళ్లు కిందికి వంగింది కాబట్టి మొత్తానికీ పొయ్యి పుల్లల రేటు.

అది ఎనభై ఆరు ఎండాకాలం. కర్ణాటక అంచున పావగడ చుట్టుపక్కల శెనక్కాయ ఏటేటా ఎండిపోయి, జనం తలుపులూ ద్వారబంధాలూ అమ్ముకుంటున్న రోజులు. సంజీవమ్మది మాత్రం వేరే కత. ఆమె ఇల్లు పాళెగార్ల కాలంనాటిదని, రక్షిత కట్టడంగా చేస్తామని సర్కారు వాళ్లు నెల కింద తలుపుకు కన్నడంలో నోటీసు అంటించారు. ఒప్పుకోక తకరారు పెట్టేవాళ్లు రెండు నెలల్లో చెప్పుకోవాలి, అందాకా దేన్నీ ముట్టకూడదు. ఆమెకు తకరారేమీ లేదు. రక్షితమైతే ఆ ఇంట్లోనే ఉండొచ్చు, మరమ్మతు వాళ్లే చూసుకుంటారు. అయితే మొన్న వచ్చిన ఆఫీసరు దూలం చూసి పెదవి విరిచాడు. శుక్రవారం ఇంజినీరును తెస్తాననీ, దూలం పనైపోయిందని ఆయన అంటే ఈ ఇల్లు పట్టీలోంచి తీసేస్తాననీ, అప్పుడు నెత్తిన పడకముందే కూలగొట్టుకొమ్మనీ చెప్పి పోయాడు. ఆ మాటతోనే ఆమె బోరన్నకు కబురు పెట్టింది.

బేరం కుదిరింది. పోవలసినవాడు పోకుండా బోరన్న స్టూలెక్కి దూలాన్ని వేలి కణుపుతో తట్టాడు. ఖంగుమంది. చెదలు తిన్న కట్టె అట్ల పలకదు. కంబం తలమీది కొయ్య దిమ్మె, ఆ బోదెలో అది కూర్చున్న చోట కత్తి మొన దూరే సందు లేదు. ఇంటి మొత్తంలో ఒక్క మేకు లేదు, అన్నీ కొయ్య చీలలే. పడమటి గోడ ఒకచోట మూరెడు విరిగి పడినా, దానిపైన దంతె కదలనే లేదు. అంటే మోసేదంతా కంబాలే, గోడ ఉత్త అడ్డం. ఇంత గట్టి కట్టు కట్టినవాడి దూలం ఎందుకు వంగినట్టు?

ముప్పై ఇండ్లు విప్పినవాడు, అది తెలుసుకోకుండా పోలేకపోయాడు. నిచ్చెన అడిగి మిద్దె ఎక్కాడు. ఒక మూల పలుగుతో తవ్వాడు. జానెడు దాటినా మన్నే. మూరెడు దగ్గర ఆగి గుంత పక్కలు చూశాడు. తెల్లటి చవుడు మన్ను, దానిమీద సన్నగా, ఆరబోసిన శెనక్కాయల పొట్టు, మళ్లీ చవుడు, మళ్లీ పొట్టు. ఎంచితే ఎనిమిది పొరలు.

మిద్దె ఉన్న వాళ్లంతా ముంగారు తొలి వానకు ముందు చవుడు తెచ్చి పైన పరుస్తారు. నీళ్లు దిగవు. వాన బాగా పడితే పాత మన్ను నీళ్లు పోయే దోనెల్లోంచి కొట్టుకుపోయి, కొత్తది దాని చోట నిలుస్తుంది. సంజీవమ్మ ఒక్క ఏడు కూడా మానలేదు. ఎనిమిదేండ్లుగా కొట్టుకుపోయేంత వానే రాలేదు. ఏటా నాలుగు బండ్లు. ముప్పై రెండు బండ్ల మన్ను.

నిచ్చెన దిగుతూ బోరన్న లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుంటే శుక్రవారం తర్వాత మద్ది కంబాలు పుల్లల ధరకు తనవి. నోరు తెరిస్తే లారీ ఖాళీ. అయితే మన్ను దించితే దూలం లేస్తుందా, లేవదా? లారీకెత్తిన కట్టెలో అది తెలియదు.

"పైన ఏం తవ్వినావప్పా, బంగారమేమన్నా ఉండాదా?" అంది సంజీవమ్మ.

"మన్ను ఉండాదక్కా. నీ దూలానికి రోగం లేదు. మోతే ఎక్కువైంది."

ఆమె ఆయన మొగం వంక అనుమానంగా చూసింది. "ఇంతకుముందే పుల్లల రేటు కట్టినావు. ఆ నోటితోనే ఈ మాట అంటాండావే?"

ఆ బేరం మరిచిపొమ్మన్నాడు. అయితే దేన్నీ ముట్టకూడదని నోటీసులో ఉందని గుర్తుచేశాడు.

"ఆ మన్ను పాళెగారు పోసినాడా? పోసినది నేను. నా ఇల్లు నేను ఊడ్చుకునేదానికి గూడా పర్మిషనా?"

బోరన్న దూలం పక్కన ఈ బోదె నుంచి ఆ బోదెకు దారం బిగించాడు. దూలం నడుమ దారానికి నాలుగు వేళ్లు కిందికి ఉంది. నలుగురు కూలీలు అడుగు పొర ఒక్కటి వదిలి మూడు రోజులు మన్ను దించారు. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు మధ్యాహ్నం కంబాలు కిర్రుమంటే కూలీలు బయటికి పరుగెత్తారు. బోరన్న మాత్రం లోపలికి పోయి వేళ్లు పెట్టి చూశాడు. మూడు. గురువారానికి రెండున్నర.

శుక్రవారం ఆఫీసరు మన్ను కుప్ప చూసి మొదట కోప్పడ్డాడు. ఆమె ఊడ్చుకున్న మాటే మళ్లీ చెప్పింది. ఇంజినీరు దూలాన్ని తట్టి, దారం దగ్గర కొలిచి, బోరన్నను నాలుగు ప్రశ్నలడిగాడు. చివరికి కింద ఒక ఊతం నిలబెట్టి ఇల్లు ఉంచుకోవచ్చనీ, ఇకమీదట పాతది గీకకుండా కొత్త చవుడు పోయకూడదనీ రాశాడు.

పోతూ పోతూ బోరన్న తన దారం విప్పబోయాడు. ఆఫీసరు ఆపి కన్నడంలో ఏదో అన్నాడు.

"ఏమంటాడప్పా?" అంది సంజీవమ్మ.

"దీన్ని విప్పల్లన్నా ఇంక వాళ్లనే అడగాల్లంట."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. బోరన్న లారీ ఖాళీగా పోయింది. తర్వాతి వారం సంతకు పోతూ ఆ ఇంటి ముందు దిగి, తిన్నగా లోపలికి పోయి, దారానికీ దూలానికీ మధ్య వేళ్లు పెట్టాడు. రెండు వేళ్లు పట్టలేదు.