కడగని చుక్క

నేను ఒక గాజు పుల్లని. కాగితాల మీద పేరు పీహెచ్ ఎలక్ట్రోడ్. చివర సబ్బు బుడగంత పల్చని గాజు గుండు, లోపల కాసిని ఉప్పునీళ్ళు, వెనక తోకలాంటి వైరు, ఆ వైరు చివర అంకెలు చూపించే మీటరు. నన్ను ఏ నీళ్ళలో ముంచినా, బయటి నీళ్ళకీ నా లోపలి నీళ్ళకీ ఉన్న తేడా పట్టి ఒక అంకె చెబుతాను. ఏడు వస్తే మధ్యస్థం. కిందికి పోతే పులుపు, పైకి పోతే క్షారం. మనుషులకి ఇంత తెలిస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

నాకంటే ముందు ఊదిన బుడగలన్నీ కొలిమి దగ్గరే పగిలాయి. నేను పగల్లేదు. చాలాకాలం వరకూ నేను చేసిన ఘనకార్యం అదొక్కటే.

మొదట నన్ను ఒక కాలేజీ కొన్నది. అక్కడ నా ఉద్యోగం అద్దాల బీరువాలో పడుకోవడం. తనిఖీకి వచ్చిన పెద్దమనుషులు నన్ను చూసి తలూపి వెళ్ళేవారు. ఒక సాలీడు నా పక్కనే కాపురం పెట్టి, పిల్లల్ని కని, వాళ్ళందరికీ పెళ్ళిళ్ళు చేసింది. ఒక్క పెళ్ళికీ నన్ను పిలవలేదు.

కాలేజీ మూతపడ్డాక మూర్తిగారు నన్ను మీటరుతో సహా కొని ఆకివీడు తెచ్చారు. ఆయనది రొయ్యల మేత, సున్నం, మందులు అమ్మే కొట్టు. వెనక గదిలో చెరువు నీళ్ళ పరీక్ష ఉచితం. అంకె తక్కువొస్తే ఒక రకం బస్తా, ఎక్కువొస్తే ఇంకో రకం బస్తా, సరిగ్గా వస్తే అలాగే ఉండటానికి మరో బస్తా.

పరీక్షలు చేసేది ఝాన్సీ. మంచి పిల్ల. ముంచిన ప్రతిసారీ నన్ను డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మెత్తని కాగితంతో అద్ది, మరో సీసాలో పెట్టేది. ఒకరి నీళ్ళు ఇంకొకరి నీళ్ళకి అంటకూడదట. అలా ఆ చుట్టుపక్కల నేను కలవని చెరువు లేదు, నా దగ్గర మిగిలిన చెరువూ లేదు. పలకరించేలోపే కడిగేసేవాళ్ళు. ఎండిపోకుండా సాయంత్రం ఉప్పునీళ్ళ మూత తొడిగేవారు. అందులో నేనూ, ఉప్పూ. ఒంటరితనానికి పోటీలు పెడితే మొదటి బహుమతి నాదే. చప్పట్లు కొట్టడానికే ఎవరూ ఉండరు.

ఒకరోజు మధ్యాహ్నం పేరయ్య వచ్చాడు. ఉన్న ఒక్క చెరువూ కౌలుది. పట్టుబడికి, అంటే పట్టి అమ్మే అదనుకి, వచ్చిన రొయ్య రెండు రోజులుగా మేత ముట్టకుండా గట్టు వెంబడి తేలుతోందట. చెబుతూ తువ్వాలు మెలిపెడుతున్నాడు. ఝాన్సీ ఆయన తెచ్చిన సీసాలో నన్ను ముంచింది. ఐదు పాయింట్ ఎనిమిది.

మూర్తిగారి మొహం వెలిగింది. పులిసిన చెరువుకి సున్నమే మందన్నారు. నిమిషంలో బస్తాలు పేరయ్య మోపెడ్ మీదికి ఎక్కాయి. మన చెరువుల్లో అంత తక్కువ ఎప్పుడూ రాలేదని ఝాన్సీ అంటే, "మిషను అబద్ధం చెప్తుందా అమ్మా?" అని భోజనానికి వెళ్ళిపోయారు.

నేను అబద్ధం చెప్పలేదు. నన్ను ముంచిన నీళ్ళు అలాంటివి. ఝాన్సీ సీసా ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బాబాయ్, ఇది దేని సీసా?"

"కూల్‌డ్రింకుదండి. శుభ్రంగానే ఉందండి, ఆయ్. చుక్క మిగల్చకుండా తాగేసేకే పట్టేను."

పేరయ్య లెక్కలో చుక్కంటే మన లెక్కలో అరగ్లాసు. నేను చెప్పిన పులుపు ఆ కూల్‌డ్రింకుది.

మంచి సీసా ఇచ్చి పంపుదామంటే, ఆయన నీళ్ళు పట్టుకుని మళ్ళీ వచ్చేలోపు, బస్తాలు చూసి గట్టుమీద కాచుకున్న కూలీలు సున్నం చల్లేస్తారు. ఝాన్సీ మీటరులో సెల్స్ వేసి, నన్ను సంచిలో పెట్టుకుని, బస్తాల వెనక మోపెడ్ ఎక్కింది. ఆ కంగారులో నా మూతా, నన్ను కడిగే నీళ్ళ సీసా బల్లమీదే వదిలేసింది.

చెరువుని చూడటం నాకదే మొదటిసారి. అప్పటిదాకా చెరువంటే సీసా అంత ఉంటుందనుకునేదాన్ని. ఝాన్సీ గట్టున గొంతుక్కూర్చుని నన్ను ఆ పచ్చటి నీళ్ళలోకి దించింది. ఎటు చూసినా గాజు గోడ తగల్లేదు. ఒక రొయ్య వచ్చి మీసాలతో నన్ను తడిమి చూసింది. ఎవరో పలకరించారు. అంకె నిలబడటానికి చాలాసేపు పట్టింది. పాత ఎలక్ట్రోడ్ కదా, అంతేనని ఝాన్సీ అనుకుని ఉంటుంది. నిజానికి నాకు బయటికి రావాలనిపించలేదు.

తొమ్మిది పాయింట్ రెండు.

"అసలే క్షారం ఎక్కువైంది. దీనిమీద సున్నం కూడా పడుంటే అడుగునున్న మురికంతా విషమయ్యేది బాబాయ్. పొద్దున్నకి ఒక్క రొయ్య మిగిలేది కాదు."

పేరయ్య బస్తాల వంక చూశాడు. చెరువు వంక చూశాడు. బస్తా మూతి విప్పబోతున్న కూలీ చేతిలోంచి తాడు లాక్కున్నాడు. మేత ఆపమనీ, నీళ్ళు మార్చమనీ, బెల్లం నీళ్ళు చల్లమనీ ఝాన్సీ చెప్పింది. బెల్లం మా కొట్లో దొరకదు.

కడగడానికి నీళ్ళ సీసా కోసం సంచిలో వెతికింది. లేదు. అలాగే తడిగా రుమాల్లో చుట్టేసింది. పుట్టాక మొదటిసారి ఒక చెరువు నా ఒంటిమీద మిగిలింది.

తిరుగుదారిలో తూము దగ్గర మోపెడ్ ఎగిరిపడింది. నేను మీటరుకి కొట్టుకున్నాను. టిక్కుమంది. వెంట్రుకకంటే సన్నని చీలిక. అందులోంచి ఆ చెరువు నీళ్ళ చుక్క ఒకటి లోపలికి వచ్చింది.

మర్నాడు మూర్తిగారు స్వయంగా నన్ను ఒక సీసాలో ముంచారు. ఏడు. ఇంకో సీసా. ఏడు. ఝాన్సీ ఊరగాయలో పోసే వెనిగర్ తెచ్చి అందులోనూ ముంచింది. ఏడు. పోయింది సార్ అంది.

"అందరికీ ఏడొస్తుంటే పోయిందంటావేంటి?" అన్నారాయన. ఆ రోజంతా ఊళ్ళో చెరువులన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. మర్నాడు 'అలాగే ఉండటానికి' ఇచ్చే బస్తాలు అమ్ముడైపోయాక కొత్త ఎలక్ట్రోడ్ తెప్పించారు.

పట్టుబడి అయ్యాక పేరయ్య క్యారేజీ నిండా రొయ్యలు పట్టుకుని వచ్చాడు. "ఆ పుల్ల ఏదండీ?" అని అడిగాడు. ఝాన్సీ పెన్నులు పెట్టుకునే గ్లాసు చూపించింది. అందులో రెండు రీఫిళ్ళ మధ్య నేనున్నాను. ఆయన వంగి, ఆసుపత్రిలో మనిషిని చూసినట్టు చూసి వెళ్ళాడు.

ఇప్పుడు నన్ను సముద్రంలో ముంచినా ఏడే. బయటి నీళ్ళు లోపలికి వచ్చేశాక ఇంక తేడా ఎక్కడుంది, చెప్పడానికి? ఆ చుక్క ఎప్పుడో ఎండిపోయి ఉంటుందని కొత్త ఎలక్ట్రోడ్ అంటోంది. దానికేం తెలుసు, రోజూ కడిగించుకునేదానికి.