మునిగే పడవ పటం

ఇంకొక్క రోజు ఆగితే పట్టుపురుగులు గూళ్లు కట్టేవి. తెల్లవారి చూస్తే అరలన్నిటా పురుగులు తలలు ఊపుతూ, పచ్చటి నీళ్లు కక్కుకుంటూ, కుంచించుకుపోతున్నాయి.

హేమావతి వంగి, బతికినవాటిని తట్టలోకి ఏరుతోంది. తన చేతుల మీదుగా పెంచిన మొదటి పంట ఇది. ఇరవై రోజులుగా ఆమెకు కంటినిండా నిద్ర లేదు.

గుమ్మంలో నిలబడి అత్త అక్కయమ్మ గోడకేసి చూపింది. ఎప్పుడో రేష్మ పని, అంటే పట్టు పని, నేర్పడానికి మండికల్ ఊరికి వచ్చిన జపాన్ మేష్టరు ఆమె మొగుడు రామప్పకు ఇచ్చిపోయిన పటం అది. చెక్క అచ్చుతో అద్దింది. నల్లటి అలల మధ్య పడవ రెండు ముక్కలైంది. మనుషులంతా ఒకే పలకను కరుచుకున్నారు. చుక్కాని పట్టినవాడి వీపే కనిపిస్తుంది, మొహం కనపడదు.

"పంట పండే ఇంట్లో మునిగే పడవ ఎందుకప్పా అని మీ నాయనకి అప్పుడే చెప్పినా. వింటేనా?" అంది కొడుకు మునికృష్ణప్పతో.

"పటం పురుగుల్ని తింటాదా అత్తా?" హేమావతి తలెత్తలేదు.

"మరి ఎందుకు చస్తాండాయి? సున్నం చల్లితివి. కాళ్లు కడగందే నన్నే లోపలికి రానీయకపోతివి. ఇంకేం తక్కువైంది?"

ఏం తక్కువైందో మునికృష్ణప్పకు తెలుసు. నిన్న సాయంత్రం మబ్బు చూసి, దూరం మడికి పోకుండా గట్టు పక్క వరసల్లోనే మల్బరీ ఆకు కోశాడు. గట్టుకు అవతల టమోటా తోట. నిన్న పొద్దునే దానికి పురుగుల మందు కొట్టారు. వాసన కూడా తగిలింది. గాలి అటే వీస్తోంది కదా అనుకున్నాడు.

అక్కయమ్మ పటం దింపి, అద్దం ఊడదీసి, పొయ్యి దగ్గరికి నడిచింది. అది కాలిపోతే మునికృష్ణప్ప తప్పూ దాంతోనే పోతుంది. అతను చూస్తూ నిలబడ్డాడు. కాగితం అంచు నిప్పుకు ముడుచుకునేసరికి చెయ్యి పెట్టి లాగేశాడు.

"పటం కాదమ్మా. గట్టు పక్కన ఆకు కోసింది నేను. మందు కొట్టింది తెలుసు."

వెనక తట్ట పట్టుకొని హేమావతి నిలబడి ఉంది.

"ఆకు యాడిదని రాత్రి అడిగినా కదా."

"అడిగితివి."

"అప్పుడే చెప్పింటే మేత ఆపేదాన్ని."

తట్ట అతని చేతుల్లో పెట్టింది. "ఇవే మిగిలినాయి."

గుప్పెడు పురుగులు. అంచున ఒకటి తలెత్తి, చచ్చినవాటిలాగే అటూ ఇటూ ఊపింది. ఆమె దాన్ని ఇంకా చూడలేదు.

"హేమా," అన్నాడు అతను, "ఇది కూడా పోతాది."