సార్ గారి పాస్‌వర్డ్

…నేను వణుకుతున్నది చలికే, ఈ గదిలో ఏసీ అంత పెట్టారు మరి, కానీ వీళ్ళకెలా తెలుస్తుంది, తప్పు చేసింది కాబట్టే గజగజలాడుతోంది అనుకుంటారు, అనుకోనీ, ప్రిన్సిపాల్ గారు మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు, కళాశాల కంప్యూటర్ల, నెట్‌వర్క్ వాడకపు నియమాలు, ఎవరి పాస్‌వర్డ్ వారే వాడవలెను, ఇతరులకు ఇవ్వరాదు, ఇతరులది వాడరాదు, కింద సంతకం నీదేనా అమ్మాయ్, నాదే సార్, నాది కాక ఎవరిది, చేరిన రోజు మమ్మల్ని వరసగా నిలబెట్టి, చదవక్కర్లేదు, ఊరికే ఫార్మాలిటీ, కానివ్వండి కానివ్వండి వెనక జనం ఉన్నారు అని పెన్ను చేతిలో కుక్కింది ఈ మేడమే, ఇప్పుడు అదే మేడమ్ ఆయన పక్కన కూర్చుని, చదవకుండా సంతకం ఎలా పెట్టావమ్మా అన్నట్టు నావైపు చూస్తోంది, ఏం చెప్పను, నెట్‌వర్క్ చూసే ఆయన మాత్రం స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా అప్పజెబుతున్నాడు, మంగళవారం మధ్యాహ్నం సార్ గారి లాగిన్ లైబ్రరీలో కిటికీ పక్క కంప్యూటర్‌లో తెరుచుకుంది, ఆ టైముకి సార్ ఈ గదిలోనే మీటింగులో ఉన్నారు, కెమెరాలో కనబడింది ఈ అమ్మాయి, మార్కులేమైనా మార్చిందా అని ప్రిన్సిపాల్, లేదండీ, సార్ కాగితం మీద వేసిచ్చినవే ఎక్కించింది, అన్నీ సరిచూశాను, తన మార్కులు కూడా, అవి తక్కువే ఉన్నాయి, తక్కువే ఎక్కించింది. హమ్మయ్య అనుకున్నాను, పిచ్చిదాన్ని, అక్కడితో అయిపోతుందనుకున్నాను.

మాకు పాఠాలు చెప్పే ఆ సార్ నా ఎదురుగానే కూర్చున్నారు, బల్లకి అవతల, వాళ్ళ వైపు, మంచినీళ్ళ గ్లాసు మీద మూత పెడుతున్నారు తీస్తున్నారు, ఈ చేత్తోనే కదా పోయినేడాది స్టాఫ్ రూములో అందరి ముందూ నన్ను పిలిచి, ఈ మౌసు నాకు లొంగదమ్మా, నువ్వైతే టకటకా కొట్టేస్తావు, కాస్త ఈ మార్కులు ఎక్కించి పెట్టు తల్లీ అని పాస్‌వర్డ్ గట్టిగా చదివి చెప్పారు, పక్క బల్ల దగ్గర ఈ మేడమే నవ్వి, మీకేం సార్, మంచి చెయ్యి దొరికింది, నాకు దొరికిన పిల్ల అన్నీ తప్పులు కొడుతుంది అంది, అప్పుడు ఏ రూలూ గుర్తు రాలేదు ఎవరికీ, నేను ఇంటికెళ్ళి చెబితే అమ్మ కుట్టుమిషన్ ఆపేసి, సార్ నీకు తాళాలే ఇచ్చేశారన్నమాట అని మురిసిపోయింది, పక్కింటి పిన్నికి చెప్పింది, జాకెట్ కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పింది, మా అమ్మాయి లేందే వాళ్ళ సార్‌కి చెయ్యాడదండీ అని, సిగ్గేసేది కానీ బాగుండేది, అబద్ధమెందుకు, చాలా బాగుండేది, తర్వాత ఒకరోజు కంప్యూటర్ పాస్‌వర్డ్ మార్చమంటోంది సార్ అంటే, ఏదో ఒకటి నువ్వే పెట్టేయ్ తల్లీ, నాకు చెప్పకు, చెప్పినా మర్చిపోతా అన్నారు, నేను బొంగరం అని పెట్టాను, ఒక చోట కుదురుగా నిలబడనని చిన్నప్పటినుంచి అమ్మ నన్ను పిలిచే పేరు, వెనకాల నా రోల్ నంబరు. అప్పటినుంచి ఆయన లాగిన్ తలుపు తెరుచుకోవాలంటే నా పేరు కొట్టాల్సిందే.

సార్, మీరేమైనా ఇచ్చారా పాస్‌వర్డ్ ఈ అమ్మాయికి, అడిగేశారు ప్రిన్సిపాల్ గారు, అడిగేశారు, ఒక్క మాట సార్, అవును, పని ఎక్కువై నేనే ఇచ్చాను అంటే మిమ్మల్ని ఏం చేస్తారు, మహా అయితే ఇకమీదట అలా చెయ్యకండి అంటారు, అంతేగా, నాకైతే ఆఖరి సంవత్సరం పరీక్షలు, ఇవి కాగానే మిషన్ మూసేస్తానే, కళ్ళు లాగేస్తున్నాయి అంటోంది అమ్మ, సూదిలో దారం ఇప్పటికే నేను ఎక్కించిపెట్టి వస్తున్నాను పొద్దున్నే, ఒక్క మాట సార్, మూత తీశారు, ఒక గుక్క తాగారు, నేనా, నేనెందుకిస్తానండీ, నేను కొడుతుంటే వెనకనుంచి ఎప్పుడో చూసి ఉంటుంది, ఈ కాలం పిల్లలు మామూలోళ్ళా.

కొడుతుంటే అట, ఎప్పుడు కొట్టారు, నా ఒళ్ళు భగ్గుమంది, మాట దానంతటదే వచ్చేసింది, అయితే సార్‌ని ఇప్పుడు ఇక్కడే లాగిన్ అవ్వమనండి సార్, అన్నాను, గొంతు కీచుమంది కానీ అన్నాను, నెట్‌వర్క్ ఆయన చెయ్యి ఠక్కున కీబోర్డు మీదికెళ్ళింది, సార్ వైపు కాస్త జరిపాడు కూడా, సార్ మొహం పాలిపోయింది, అంతే, అయిపోయింది, ఇప్పుడు చూద్దాం అనుకున్నాను, సార్ కీబోర్డు ముట్టుకోలేదు, మేడమ్ హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగుతోంది మళ్ళీ మూస్తోంది, ఆవిడ పాస్‌వర్డ్ కూడా ఆ తప్పులు కొట్టే పిల్ల దగ్గరే ఉంటుంది కదా, ప్రిన్సిపాల్ గారు గొంతు సవరించుకుని, సార్‌కి పరీక్ష పెట్టేంతదానివయ్యావా నువ్వు, అయినా ఇంతమంది ముందు పాస్‌వర్డ్ కొట్టమనడం కూడా నియమాలకు విరుద్ధం, తెలుసా అన్నారు, కీబోర్డు మెల్లగా వెనక్కి వెళ్ళిపోయింది, ఓహో, అందుకన్నమాట నియమాలు, ఈ యేడు పరీక్షలకి అనుమతి లేదు, వచ్చే యేడు చూద్దాం, వెళ్ళిరా అమ్మా. అమ్మా అని మర్యాద ఒకటి మళ్ళీ.

వరండాలో ఎండగా ఉంది, చలి పోయింది కానీ వణుకు పోలేదు, అయితే చలి వల్ల కాదన్నమాట, అమ్మకి ఎలా చెప్పను, దారం ఎక్కిస్తూ చెప్పనా, ఎక్కించాక చెప్పనా, సార్ నాకు తాళాలిచ్చారని తను చెప్పిన వాళ్ళందరికీ అమ్మ ఏం చెప్పుకుంటుంది, వెనకాల చెప్పుల చప్పుడు, అమ్మాయ్ అమ్మాయ్ ఆగు, సార్, పరుగులాంటి నడకతో వస్తున్నారు, ఆయాసపడుతున్నారు, నా కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి, చూశావా, మనసు మార్చుకున్నారు, ఎంతైనా సార్ సారే, లోపలికి తీసుకెళ్ళి చెబుతారు, నేనే ఇచ్చానని, దగ్గరికొచ్చారు, అటూ ఇటూ చూశారు, గొంతు బాగా తగ్గించారు, ఏమీ అనుకోకు తల్లీ, నా పరిస్థితి నీకు తెలుసు కదా, అదీ, సాయంత్రంలోగా మిగతా క్లాసు మార్కులు ఎక్కించాలి, నెట్‌వర్క్ వాణ్ణి అడిగితే బాగుండదు, ఆ పాస్‌వర్డ్ ఏదో కాస్త చెప్పి వెళ్ళు. నీళ్ళు కంట్లోనే ఆగిపోయాయి, ఆయన పరిగెత్తుకొచ్చింది దీనికా, ఇన్నాళ్ళూ తల్లీ తల్లీ అని పిలిచింది నన్ను కాదు, నా చేతి వేళ్ళని, అంతే, ఇంకేం లేదు, ఎప్పుడూ లేదు, అమ్మ పిలిచే పేరు ఈ మనిషి నోట్లో పడకూడదు, జన్మలో పడకూడదు, చెప్పకూడదు సార్, అన్నాను, రూలు.